రజోనివృత్తి అనంతర యోని పొడిదనం

రజోనివృత్తి తరువాత స్త్రీల యోనిలో సహజమైన తేమ తగ్గి, లోపలి పొర పలుచబడడాన్ని యోని పొడిదనం అంటారు. రజోనివృత్తిని వాడుకలో ముట్లుడగడం అంటారు. ఈ పొడిదనానికి మూత్ర సంబంధమైన బాధలు కూడా తోడవుతాయి గనుక 2014లో అంతర్జాతీయ వైద్య సంఘాలు ఈ లక్షణాలన్నిటికీ కలిపి "జెనిటోయూరినరీ సిండ్రోమ్ ఆఫ్ మెనోపాజ్" అని పేరు పెట్టాయి. యోనిలో ఉంచే ఈస్ట్రోజెన్ మాత్రలు, క్రీములు దీనికి ప్రధాన చికిత్స.

కారణం

అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజెన్ అనే హార్మోను యోని పొరను మందంగా, సాగే గుణంతో ఉంచుతుంది. ఆ పొరలోని గ్లైకోజెన్‌ను ఆధారం చేసుకొని లాక్టోబాసిల్లస్ అనే మేలుచేసే సూక్ష్మజీవులు ఆమ్లాన్ని తయారుచేస్తాయి. అందువలన అక్కడి పి.హెచ్. సుమారు 3.5 నుండి 4.5 వరకు ఉండి, హానికరమైన సూక్ష్మజీవులు పెరగవు. ముట్లుడిగిన తరువాత ఈస్ట్రోజెన్ తగ్గడంతో పొర పలుచబడుతుంది, ఆమ్లత్వం తగ్గుతుంది, రక్తప్రసరణ క్షీణిస్తుంది.

లక్షణాలు

మంట, దురద, దాంపత్య సమయంలో నొప్పి, స్వల్ప రక్తస్రావం, మూత్రంలో మంట, తరచు మూత్రానికి వెళ్ళవలసి రావడం, మాటిమాటికి మూత్రనాళ వ్యాధులు సోకడం దీని లక్షణాలు. ఒంటి నుండి వేడి ఆవిర్లు కొన్ని సంవత్సరాలకు తగ్గవచ్చును గాని, ఈ పొడిదనం చికిత్స లేకుండా సాధారణంగా తగ్గదు, వయసుతోపాటు పెరుగుతుంది.

ఉత్తర తెలంగాణలో

కరీంనగర్, ఆదిలాబాద్ ఉమ్మడి జిల్లాలలో ఈ సమస్యకు గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్సలతో సంబంధం ఉన్నది. 2015-16 నాటి నాలుగవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 సంవత్సరాల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద సుమారు 3 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 శాతం, తెలంగాణలో సుమారు 8 శాతం. దేశంలో ఇట్టి శస్త్రచికిత్సలలో దాదాపు మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రులలో జరిగినవి. గర్భసంచితోపాటు అండాశయాలను కూడా తీసివేస్తే, స్త్రీ వయసు ఎంతైనా వెంటనే రజోనివృత్తి కలుగుతుంది. అండాశయాలను ఉంచినా అది కొంత ముందుగా రావచ్చును. కాబట్టి ముప్పై, నలభై ఏళ్ళ స్త్రీలు కూడా ఈ బాధకు లోనవుతారు. అనవసరమైన గర్భసంచి శస్త్రచికిత్సలను అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయవలసిందిగా 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

ఈ ప్రాంతంలో బీడీలు చుట్టే స్త్రీలు అధికం. గంటల తరబడి ఒకేచోట కూర్చొని చేసే పనిలో మంట, ఒరిపిడి మరింత బాధిస్తాయి. సిగ్గువలన బయటకు చెప్పుకోకపోవడం, వయసు మీద పడితే ఇది మామూలేనని ఊరుకోవడం, పరీక్ష చేయించకుండా మూత్రంలో మంటకు పదేపదే యాంటీబయాటిక్ మాత్రలు మింగడం వలన అసలు కారణం మరుగున పడిపోతుంది.

తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చి 8న "ఆరోగ్య మహిళ" కార్యక్రమాన్ని కరీంనగర్‌లోనే ప్రారంభించింది. తొలి దశలో 100 కేంద్రాలలో ప్రతి మంగళవారం స్త్రీలకు ప్రత్యేక పరీక్షలు జరిపేలా రూపొందించిన ఈ కార్యక్రమంలో రజోనివృత్తి సమస్యలను, మూత్రనాళ వ్యాధులను కూడా చేర్చారు. ఆదిలాబాద్‌లో 2008లో ఏర్పడిన రిమ్స్‌తోపాటు జగిత్యాల, మంచిర్యాల, రామగుండంలలో 2022లోను, కరీంనగర్, నిర్మల్, సిరిసిల్ల, ఆసిఫాబాద్‌లలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. వీటి అనుబంధ ఆసుపత్రులలోని స్త్రీ వైద్య విభాగాన్ని ఈ సమస్యకు సంప్రదించవచ్చును.

చికిత్స

బాధ స్వల్పంగా ఉంటే హార్మోను లేని మాయిశ్చరైజర్లు, నీటి ఆధారిత జెల్లీలు సరిపోతాయి. సబ్బుతోను, డెట్టాల్ వంటి ద్రావణాలతోను లోపల కడగడం హానికరం. నూనెలు లేటెక్స్ నిరోధ్‌లను బలహీనపరుస్తాయి.

వీటితో తగ్గకపోతే ఈస్ట్రోజెన్‌ను నేరుగా యోనిలో వాడతారు. 10 మైక్రోగ్రాముల ఎస్ట్రడయాల్ మాత్రను మొదటి రెండు వారాలు రోజుకు ఒకటి, తరువాత వారానికి రెండు చొప్పున పెట్టుకోవడం సాధారణ పద్ధతి. ఇది మింగే మాత్ర కాదు. శుభ్రమైన చేతులతో, సన్నని గొట్టం సాయంతో దీనిని లోపల ఉంచుతారు. రాత్రి పడుకొనే ముందు వాడడం సౌకర్యం. కొన్ని వారాలలో గుణం కనిపిస్తుంది. పూర్తి ఫలితానికి రెండు మూడు నెలలు పట్టవచ్చును. మందు మానివేస్తే లక్షణాలు తిరిగి వస్తాయి. ఎస్ట్రియాల్ క్రీము మరొక రూపం. మాటిమాటికి మూత్రనాళ వ్యాధులు వచ్చే స్త్రీలలో ఈ క్రీము వాటిని బాగా తగ్గించినట్లు 1993లో ప్రచురితమైన ఒక అధ్యయనం తెలిపింది.

భద్రత

2002లో అమెరికాలో వెలువడిన విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ ఫలితాల తరువాత హార్మోను చికిత్స అంటే భయం వ్యాపించింది. కాని ఆ అధ్యయనం నోటిద్వారా మింగే మాత్రలకు సంబంధించినది. యోనిలో వాడే స్వల్ప మోతాదు నుండి రక్తంలో చేరే ఈస్ట్రోజెన్ బహు కొద్ది. ఈ మందులపై ఉన్న తీవ్ర హెచ్చరికలను తొలగించే చర్యలు చేపడుతున్నట్లు 2025 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ప్రకటించింది.

అయినప్పటికీ వైద్యుల సలహా లేకుండా వీటిని వాడరాదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారు ఆ సంగతి ముందుగా చెప్పాలి. ముట్లుడిగి ఒక సంవత్సరం గడిచిన తరువాత ఏ కొద్దిపాటి రక్తస్రావం కనిపించినా, అది పొడిదనం వలననే అని అనుకోక, గర్భాశయ క్యాన్సర్ లేదని పరీక్షతో నిర్ధారించుకోవాలి.

ఇవి కూడా చూడండి

రజోనివృత్తి
ఈస్ట్రోజెన్
గర్భాశయం
మూత్రనాళ వ్యాధులు