పేరు లేని లెక్క



నీ తాత పేరేమని ఎవరైన అడిగినయెడల వెంటనే చెప్పుదుము. ఆయన తండ్రి పేరడిగినయెడల ఇంటి పెద్దల నడిగి చెప్పుదుము. అయితే అమెరికా దేశపు దక్షిణ రాష్ట్రములలో ప్రత్తి పొలములలో పనిచేసిన దాసుల సంతతివారికి ఈ ప్రశ్న మిక్కిలి కష్టమైనది.

వారిలో ఒక మనుమడు తన పితరులను వెదకుచున్నాడనుకొనుడి. మొదట అతడు ముసలివారిని అడుగును. కుటుంబపు బైబిలులో జనన మరణములు వ్రాసియున్నవేమో చూచును. తరువాత పదేండ్లకొకసారి ప్రభుత్వము వ్రాయించిన జనాభా లెక్కలను వెనుకకు చదువుకొనుచు పోవును. 1900 లెక్కలో ఒక్కొక్కరు పుట్టిన నెలయు సంవత్సరమును, తల్లి ఎందరిని కన్నదో, వారిలో ఎందరు బ్రదికియున్నారో దొరకును. 1890 లెక్క బహుమట్టుకు లేదు. 1921లో వాషింగ్టనులో కలిగిన అగ్నిప్రమాదమువలన పాడైపోయెను. 1880 లెక్క ఇంటి పెద్దకు ఎవరు ఏమగుదురో చెప్పును. 1870 లెక్కలో పేర్లున్నవి గాని బంధుత్వము లేదు.

అంతకు వెనుకకు పోగా గోడ అడ్డము వచ్చును. 1850, 1860 సంవత్సరములలో దాసులను వేరే పట్టీలలో వ్రాసిరి. అందు యజమానుని పేరున్నది. దాసునికైతే వయస్సు, స్త్రీయో పురుషుడో, శరీరపు రంగు, ఇంతే. 1860లో దాసులుగా లెక్కింపబడినవారు సుమారు 39 లక్షల 50 వేలమంది. దాదాపు ఎవరికిని పేరు లేదు.

పేరు కావలెనన్నయెడల యజమానుని వీలునామాను, అతడు చనిపోయిన తరువాత కోర్టులో దాఖలైన ఆస్తి పట్టీని వెదకవలెను. అక్కడ పేరు దొరకవచ్చును. ప్రక్కనే వెలయు ఉండును. కంచరగాడిదలు, ఆవులు, నాగళ్లు వ్రాసిన కాగితముమీదనే తన ముత్తవ్వ పేరు చదువుకొను మనుమని హృదయమెట్లుండునో ఆలోచించుడి.

1865లో దాస్యము రద్దయెను. ఆ సంవత్సరమే విడుదల పొందినవారి నిమిత్తము ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు స్థాపింపబడెను. ఖాతా తెరచువారిని తలిదండ్రుల పేర్లు, తోబుట్టువుల పేర్లు, భార్యాబిడ్డల పేర్లు అడిగి వ్రాసికొనుచుండిరి. 1874లో ఆ బ్యాంకు మూతబడెను. బీదలు దాచుకొనిన సొమ్ము ఎంతో పోయెను గాని, వారు చెప్పిన పేర్లు నేటికిని నిలిచియున్నవి.

మరియొక సంగతి మన సంఘములు వినదగినది. న్యూ ఆర్లియన్సు పట్టణములో మెథడిస్టువారు సౌత్‌వెస్టర్న్ క్రిస్టియన్ అడ్వకేట్ అను పత్రికను ప్రచురించుచుండిరి. 1879 మొదలుకొని అందులో తప్పిపోయిన ఆప్తులను గూర్చిన ఉత్తరములు అచ్చువేసిరి. చందాదారులకు ఖర్చు లేదు. ఇతరులకు యాభై సెంట్లు. నా తల్లి పేరిది, మా యజమానుడు ఫలానివాడు, నన్ను ఫలాని ఊరికి అమ్మివేసిరి, నా తమ్ముడు అప్పుడు చిన్నవాడు, అని వ్రాసిరి. ఇరువది ముప్పది యేండ్ల క్రిందట విడదీయబడినవారిని ఇంకను వెదకుచుండిరి. చదువురానివారు అనేకులు గనుక ఆ ఉత్తరములను ప్రసంగపీఠమునుండి చదువవలెనని పాదరులను పత్రిక కోరెను. అట్లు కలిసికొనినవారును కొందరుండిరి. కలిసికొననివారి ఉత్తరములు సయితము వ్యర్థము కాలేదు. వాటిలో రెండువేల ఐదువందలకు పైగా నేడు సేకరింపబడియున్నవి. మునిమనుమలు వాటిని చదివి తమ పితరులను కనుగొనుచున్నారు.

లెక్కవ్రాయువాడు విడిచిపెట్టిన పేరును తల్లి విడిచిపెట్టలేదు. ఆమెకు చదువు రాకపోయినను పేరు మరువలేదు, మరియొకరిచేత వ్రాయించెను. ఆ పేరు ఒక గ్రామపు ఆలయములో బిగ్గరగా చదువబడెను.

సహోదరులారా, సహోదరీలారా, మన ఇండ్లలోని ముసలివారికి తెలిసిన పేర్లు ఎన్నో కాగితముమీదికి రాలేదు. ఈ ఆదివారము ఆలయమునుండి ఇంటికి వెళ్లిన తరువాత మీ అవ్వయొద్ద కూర్చుండుడి. ఆమె తల్లి పేరు, పుట్టిన ఊరి పేరు అడిగి, పిల్లలచేత వ్రాయించుడి.