ఒంటికన్ను గొర్రెపిల్ల రాసిన హెచ్చరిక

ఈ కథ న్యాల్‌కల్ చుట్టుపక్కల గొర్రెల మంద ఉన్న ఇంట్లో చెబితే, పట్నంలో పెద్ద చదువులు చదివినవాళ్ల కంటే ముందే అర్థమవుతుంది. ఎందుకంటే ఇది ఒక గొర్రె ఈతతో మొదలైంది.

1950లు. అమెరికాలో ఐడహో రాష్ట్రం. కొండల మీద వేల గొర్రెలు మేసే ప్రాంతం. ఈతల కాలం వచ్చింది. ఒక తల్లి గొర్రెకు నెలలు నిండి, రోజులు దాటినా ఈనలేదు. చివరికి కాపరి చెయ్యి పెట్టి లాగాడు. బయటపడిన పిల్లకు రెండు కళ్లు లేవు. నుదుటి నడుమ ఒకే ఒక్క కన్ను. ముక్కు ఉండాల్సిన చోట లేదు. తల్లికి మాత్రం ఏ జబ్బూ లేదు. నిన్నటిదాకా శుభ్రంగా మేసిన గొర్రె అది.

అలాంటి పిల్ల ఒక్కటి పుడితే ఖర్మ అనుకుని పాతిపెట్టేవారేమో. కానీ కొన్ని మందల్లో నాలుగింట ఒక పిల్ల దాకా వికారంగా పుట్టేది. కోతి మొహం పిల్లలని కాపరులు వాటికి పేరు కూడా పెట్టుకున్నారు. వంశదోషమేమోనని మొదట అనుమానించారు. మందలో అలాంటి దోషం ఉందంటే కొనేవాడు దొరకడు. పశువుల వ్యాపారం ఎక్కడైనా అంతే కదా.

చివరికి అమెరికా వ్యవసాయ శాఖ మనుషులు దిగారు. వేన్ బిన్స్ పరిశోధన నడిపించాడు. లిన్ జేమ్స్ అనే శాస్త్రవేత్త మూడు వేసవులు గొర్రెల వెంటే కొండల్లో ఉండి, అవి ఏం మేస్తున్నాయో చూశాడు. మొక్కజొన్న ఆకుల్లాంటి వెడల్పాటి ఆకులున్న ఒక అడవి మొక్క మీద చూపు ఆగింది. కార్న్ లిల్లీ అంటారు దాన్ని. శాస్త్రీయ నామం వెరాట్రమ్ కాలిఫోర్నికమ్. చూలు గొర్రెల్లో ఒక్కోదానికి చూలు కాలంలో ఒక్కో రోజున ఆ మొక్క మేపి చూశారు. చూలు కట్టిన 14వ రోజున మేసిన గొర్రెకే ఒంటికన్ను పిల్ల పుట్టింది. నెల దగ్గరపడ్డాక మేస్తే కాళ్లు వంకరపోయాయి. ఏ రోజు మేసిందన్నదాన్ని బట్టి పిల్లకు ఏ అవయవం చెడుతుందో తేలిపోయింది.

జొన్న పండించే మన రైతుకు ఇది వింత కాదు. లేత జొన్న పైరులోకి, కోత తర్వాత మళ్లీ లేచిన పిలకల్లోకి పశువును వదిలితే ఏమవుతుందో జహీరాబాద్ వైపు చిన్న పిల్లలకూ తెలుసు. తేడా ఒక్కటే. జొన్న విషం మేసిన పశువునే అక్కడికక్కడ పడేస్తుంది. ఐడహో మొక్క మేసినదాన్ని ముట్టుకోదు, కడుపులో ఉన్నదాన్ని పట్టుకుంటుంది. అందుకే కనిపెట్టడానికి అన్నేళ్లు పట్టింది.

1960ల చివరికి రిచర్డ్ కీలర్ ఆ మొక్కలోంచి అసలు విషాన్ని వేరు చేశాడు. ఒంటికన్ను రాక్షసుడు సైక్లాప్స్ పేరు మీద దానికి సైక్లోపమైన్ అని పేరొచ్చింది. కాపరులకు దొరికిన మందు మాత్రం పైసా ఖర్చు లేనిది: పొట్టేళ్లను మందలో వదిలాక మొదటి నెల ఆ మొక్క ఉన్న బీళ్ల వైపు గొర్రెలను తోలకపోవడం. అంతటితో పీడ విరగడైంది. విషం సంగతి చాలామంది మరిచిపోయారు కూడా.

తర్వాతి అంకం జర్మనీలో, ఈగల మీద. 1980లో క్రిస్టియానె న్యూస్‌లైన్-ఫోల్‌హార్డ్, ఎరిక్ వీషాస్ ఇద్దరూ ఈగ పిండం ఎలా రూపం దిద్దుకుంటుందో చెప్పే జన్యువుల జాబితా ప్రకటించారు. అందులో ఒకటి చెడితే ఈగ పురుగుకు ఒళ్లంతా ముళ్లు మొలిచేవి. ఒళ్లంతా ముళ్లుండే చిన్న జంతువు పేరు మీద దానికి హెడ్జ్‌హాగ్ అని పేరు పెట్టారు. 1995లో వాళ్లకు నోబెల్ వచ్చింది. ఇలాంటి జన్యువే మనుషుల్లోనూ, గొర్రెల్లోనూ ఉంది. కడుపులో బిడ్డకు మెదడు రెండు భాగాలు కావాలన్నా, రెండు కళ్లు రెండు పక్కలకు జరగాలన్నా దాని ఆజ్ఞ కావాలి. 1996లో ఎలుకల్లో ఆ జన్యువు తీసేస్తే ఒంటికన్ను పిల్లలు పుట్టాయి. 1998లో ఫిలిప్ బీచీ బృందం ముడి విప్పింది: సైక్లోపమైన్ ఆ హెడ్జ్‌హాగ్ ఆజ్ఞనే అడ్డుకుంటోంది.

ఇంతకీ ఈ కథ చర్మ క్యాన్సర్ మందు దగ్గరికి ఎలా చేరింది? పెద్దయ్యాక మన ఒంట్లో ఈ ఆజ్ఞ చాలావరకు నిద్రపోతుంది. దానికి కాపలా ఉండే పాచ్డ్ అనే జన్యువు చెడితే మళ్లీ లేస్తుంది, చర్మకణాలు ఆగకుండా పెరుగుతాయి. బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్‌లో ఎక్కువగా జరిగేది అదే. 1996లో ఆ సంగతీ తేలింది. గొర్రెపిల్ల కన్ను చెడగొట్టిన విషమే ఈ క్యాన్సర్ పుండును మాన్పగలదన్న ఆలోచన అక్కడ పుట్టింది. సైక్లోపమైన్ లాగే పనిచేసే కొత్త మందు విస్మోడెగిబ్‌ను జెనెన్‌టెక్ కంపెనీ తెచ్చింది. 2012 జనవరి 30న అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించింది. ఆపరేషన్‌కూ, రేడియేషన్‌కూ లొంగని పుండ్లున్న వాళ్లలో 43 శాతం మందికి, ఒళ్లంతా పాకిన వాళ్లలో 30 శాతం మందికి గడ్డలు తగ్గాయి. 2015లో సోనిడెగిబ్ అనే రెండో మందు వచ్చింది. మరుసటి ఏడాదే దాని హక్కులను మన దేశపు సన్ ఫార్మా 17 కోట్ల 50 లక్షల డాలర్లకు కొనుక్కుంది. చిన్న పుండుకు ఈ మందులు వాడరు. కోసి తీసేస్తే పోయేదానికి ఇంత ప్రమాదం అక్కర్లేదు.

ఇప్పుడు మన వైపు ఒక ఇల్లు ఊహించుకుందాం. ఇది జరిగింది కాదు. జరగడానికి ఎంత వీలుందో చూడటానికే. ముక్కు పక్క పుండు ఏళ్లుగా తింటున్న పెద్దాయన. హైదరాబాద్ పెద్ద దవాఖానలో చూపించుకుని విస్మోడెగిబ్ గోలీల డబ్బాతో తిరిగొచ్చాడు. ఇంట్లో కొడుకు, కోడలు. కోడలికి నెల తప్పి వారం కూడా కాలేదు, ఇంకా ఎవరికీ చెప్పలేదు.

“గోలి పెద్దగున్నది బిడ్డా, గొంతు దిగుతలేదు.”

“ఇప్పి అంబలిల కలిపిస్త మామా, తాగు.”

ఈ రెండు మాటల్లో దుర్మార్గం ఎక్కడా లేదు. ప్రేమే ఉంది. మన ఇళ్లలో గొంతు దిగని గోలీని నూరి ఇవ్వడం, క్యాప్సూల్ విప్పి కలపడం మామూలే. కానీ ఈ క్యాప్సూల్‌ను విప్పకూడదు, నూరకూడదు, నమలకూడదు. గర్భిణి ఆ పొడిని ముట్టుకోనే కూడదు. ఐడహో గొర్రె 14వ రోజున మేసిన మొక్క ఏం చేసిందో ఆ పొడి చేసేదీ అదే పని. మనిషిలోనూ ఆ గడియ నెల తప్పిందని తెలిసే లోపే దాటిపోవచ్చు.

అందుకే డబ్బా మీది నిబంధనలు అంత కఠినంగా ఉంటాయి. అమెరికా లేబుల్ ప్రకారం విస్మోడెగిబ్ రోజుకు 150 మిల్లీగ్రాముల క్యాప్సూల్ ఒక్కటే. బిడ్డలు పుట్టే వయసు స్త్రీకి మొదలుపెట్టే ముందు ఏడు రోజుల్లోపు గర్భ పరీక్ష చేయాలి. మందు ఆపాక కూడా 24 నెలలు గర్భం రాకూడదు. మగవాడైతే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినా సరే, మందు వాడినన్నాళ్లూ, ఆపాక 3 నెలలూ కండోమ్ వాడాల్సిందే. మన మగవాళ్లు ఎక్కువగా కొట్టిపారేసేది దీన్నే. రక్తదానం ఆపాక 24 నెలల దాకా చేయకూడదు. ఆ రక్తం ఏ గర్భిణికి ఎక్కుతుందో ఎవరు చెప్పగలరు?

సోనిడెగిబ్ లెక్క వేరు. రోజుకు 200 మిల్లీగ్రాములు, పరగడుపున: తిన్నాక రెండు గంటలకు, లేదా తినడానికి గంట ముందు. గర్భం, రక్తదానం విషయంలో గడువు 20 నెలలు, మగవాళ్లకు 8 నెలలు. ఫంగస్‌కు వాడే కీటోకొనజోల్ లాంటి మందులతో కలిస్తే దీని మోతాదు ఒంట్లో పెరిగిపోతుంది. కాబట్టి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఏ గోలి తీసుకున్నా ముందు ఈ మందు సంగతి చెప్పాలి. రెండింటిలో దేన్నైనా ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు. పోయింది పోయిందనుకుని మామూలు వేళకు ఒకటే వేసుకోవాలి.

మందు వేసుకున్నవాళ్లకు కండరాలు పట్టేస్తాయి, జుట్టు ఊడుతుంది, నాలుకకు రుచి పోతుంది, తిండి తగ్గి బరువు తగ్గుతారు. వెంట్రుక పెరగడానికీ నాలుక రుచికీ పెద్దవాళ్లలో కూడా హెడ్జ్‌హాగ్ ఆజ్ఞే కావాలి మరి. ఈ బాధలు ఓర్చుకోలేక మందు మానేసేవాళ్లు తక్కువేమీ కాదు. పుట్టుకతోనే పాచ్డ్ లోపమున్న గోర్లిన్ సిండ్రోమ్ రోగుల మీద చేసిన ఒక పరీక్షలో మందు తీసుకున్న 26 మందిలో 14 మంది దుష్ప్రభావాల వల్లే ఆపేశారు. ఓర్చుకోలేకపోతే డాక్టర్‌కు చెప్పి కొన్నాళ్లు ఆపే వీలుంది. చెప్పకుండా మానేస్తే పుండు పెరుగుతున్నా ఎవరికీ తెలియదు.

మిగిలిపోయిన గోలీలు మందుల డబ్బాలో పడేసి, చెంప మీద పుండుందని వచ్చిన పక్కింటాయనకు రెండివ్వడం మన వైపు పెద్ద మనసు కింద లెక్క. ఈ మందు విషయంలో అది నేరమే. చర్మ క్యాన్సర్లన్నీ ఒకటి కావు. మెలనోమా అనే ఇంకో రకానికి వాడే వెమురాఫెనిబ్ మందుకు వేరే నిబంధనలు, అది వేసుకుంటే ఎండలో ఒళ్లు కమిలిపోతుంది. మిగిలినవి ఇచ్చిన దవాఖానకే తిరిగి ఇచ్చేయాలి.

డబ్బాలో వచ్చే కాగితం ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. అందుకని ఈ మందు రాసినప్పుడు డాక్టర్‌ను గాని ఫార్మసిస్టును గాని ఆ నిబంధనలు తెలుగులో చెప్పమని అడగండి. రోగితో పాటు భార్యనో, కోడలినో, కూతురినో కూడా గదిలో కూర్చోబెట్టి చెప్పించుకోండి.