జబ్బు భయం: ఇంటిల్లిపాదికీ అవస్థ

రిపోర్టులన్నీ నార్మల్ అని వచ్చినా, పెద్ద జబ్బేదో ఉందన్న భయం ఆరు నెలలైనా వదలకపోతే దాన్ని అనారోగ్య ఆందోళన రుగ్మత అంటారు. పాత పేరు హైపోకాండ్రియాసిస్. ఇది నటన కాదు, గుండెదడ నిజంగానే వస్తుంది.

"నాకేం కాదు కదా?" అని పదేపదే అడుగుతారు. "ఏం కాదు" అన్న జవాబు కాసేపే పనిచేస్తుంది. చివరికి కోడలు విసుక్కుంటుంది, కొడుకు సెలవులన్నీ టెస్టులకే సరిపోతాయి. కసరకండి, అడిగినప్పుడల్లా భరోసా కూడా ఇవ్వకండి. "భయంగా ఉందా?" అని పలకరించి పనిలోకి మళ్లించండి. టెస్టు కావాలో వద్దో ఒక్క డాక్టరే తేల్చాలి. కొత్త బాధ వస్తే మాత్రం చూపించాల్సిందే. సీబీటీ అనే మాటల చికిత్స ఉంది.

బళ్లారైనా, హోసూరైనా మన పెద్దలు భయాన్ని తెలుగులోనే చెప్పుకోగలరు. కోడలినే దుబాసీగా కూర్చోబెడితే సగం మింగేస్తారు. అందుకే మేము టెలీమానస్ నంబరు 14416 ఇస్తుంటాం. 2022లో మొదలైంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. విసిగిపోయిన ఇంటివాళ్లూ చేయవచ్చు.