పాత చిల్లర: టంకశాల లోపమా, తర్వాతి దెబ్బా?

పాత ట్రంకుపెట్టె అడుగున చిల్లర మూట లేని ఇల్లు మనలో అరుదు. "అచ్చు తప్పిన పైసాకు లక్షలిస్తారు" అనే మాట ఈ మధ్య జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో పింఛనుదార్ల చెవిన కూడా పడుతున్నది. లోపం టంకశాలలో జరిగిందా, తర్వాత జరిగిందా అన్నది తేలాలంటే ముందు ఆ నాణెం ఎట్లా తయారైందో తెలియాలి.

ఈ విషయంలో మన ప్రాంతానికి పెద్ద చరిత్రే ఉన్నది. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో గోదావరి ఒడ్డున శాతవాహన చిముకుని నాణేలు, సమగోప, నారన వంటి పేర్లున్న నాణేలు దొరికాయి. శాతవాహనుల నాణేలలో చాలావాటి మీద పేరు సగమే కనిపిస్తుంది. అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది కావడమే కారణం. అనేక నాణేలను పక్కపక్కన పెట్టి పండితులు పూర్తి పేర్లు చదివారు. సుత్తితో కొట్టిన నిజాం కాలపు పాత హాలీ సిక్కాలదీ అదే తీరు. వీటిలో అక్షరం తెగిపోవడం ఆనాటి పద్ధతే గాని వింత కాదు.

1903లో హైదరాబాదు సైఫాబాదులో టంకశాల ఏర్పడింది. చార్మినారు బొమ్మతో యంత్రపు నాణేలు వచ్చాయి. 1957 ఏప్రిల్ 1 నుండి నయా పైసలు చలామణిలోకి వచ్చాయి. యంత్రం ఒకే తీరుగా కొడుతుంది కాబట్టి తప్పు జరిగితే తెలిసిపోతుంది. బొమ్మ పక్కకు జరిగితే ఒకవైపు నెలవంకలాగా ఖాళీ మిగులుతుంది. ముందు కొట్టిన నాణెం అచ్చుకే అంటుకుంటే, తర్వాతి దాని మీద అదే బొమ్మ తిరగబడి లోతుగా పడుతుంది. అచ్చు పగిలితే నాణెం మీద ఉబ్బెత్తు గీత వస్తుంది. గీత పల్లంగా ఉంటే అది చాలావరకు తర్వాత పడ్డ గాటే. సంవత్సరం కింది నక్షత్రం లోపం కాదు, అది హైదరాబాదు టంకశాల గుర్తు.

ఇక పూత సంగతి. 1962-63 నాటి పచ్చని పైసా బంగారు పూతది కాదు, నికెల్ ఇత్తడిది. తామర బొమ్మ ఇరవై పైసలదీ అదే లోహం. తర్వాత వేయించిన పూత అయితే అంచుల దగ్గర అరిగి లోపలి లోహం బయటపడుతుంది, అక్షరాల మూలలు మొద్దుబారి ఉంటాయి. కంచు నయా పైసా ఒకటిన్నర గ్రాములు తూగాలి, అయస్కాంతానికి అంటరాదు.

సిరిసిల్లలో మన విశ్రాంత మిత్రుడొకరు ఫోను మాట నమ్మి, "రిజిస్ట్రేషన్ ఫీజు" అంటూ ఒక నెల పింఛను పోగొట్టుకున్నారు. పాత నాణేల కొనుగోలుకు తన పేరు వాడి ఫీజులు, పన్నులు అడిగేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. కొనేవాడు మనకు డబ్బివ్వాలి గాని మన దగ్గర తీసుకోవడమేమిటి?

పావలా, అంతకు తక్కువ నాణేలు 2011 జూన్ 30 నుండి చెల్లవు. అయినా పారవేయకండి, చింతపండుతో తోమకండి. అవి ఎవరివో, ఎక్కడివో చీటీ రాసి మూటలో పెట్టండి. పొలంలో పాత నాణేలు బయటపడితే, 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయండి. నాణెం దొరికిన చోటు తెలియకపోతే దాని చరిత్ర సగం పోయినట్లే.