బందరు దాకా రాని జెండా

విస్సన్నపేట నుంచి వెళ్లి తిరువూరు దాటితే 1948లో నిజాం రాజ్యం. నిజాం పక్షాన సాయుధులై తిరిగిన రజాకార్లు ఊళ్లు తగలబెడుతుంటే కొంపాగోడూ వదిలి, పిల్లల్ని చంకనేసుకుని కృష్ణా జిల్లాలోకి వచ్చిపడినవాళ్లు ఎందరో. ఆ మంట ముందు మాటల్లో రాజుకుంది.

ఐరోపా యుద్ధాల్లో గోడ పత్రికలు చేసిన రెచ్చగొట్టే పనిని హైదరాబాదులో ఒక గొంతు చేసింది. రజాకార్ల నాయకుడు, లాతూరు వకీలు కాసిం రజ్వీ ఎర్రకోట మీద అసఫ్‌జాహీ జెండా ఎగరేస్తామన్నాడు. బంగాళాఖాతం అలలు నిజాం పాదాలు కడుగుతాయన్నాడు. ఆ సముద్రానికి దారి మా నేల మీదుగానే! 1766లో తీరం వెంట ఉన్న ఉత్తర సర్కారులు ఇంగ్లీషువాళ్ల పాలై రేవు లేకుండా పోయిన రాజ్యానికి బందరు మీద ఆశ చావలేదు. ఆ పాత గాయాన్ని కెలికి, మతం కలిపి, పేదింటి కుర్రాళ్ల చేత ప్రతిజ్ఞలు చేయించి బల్లేలు పట్టించారు. ఎదురు రాసిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను ఆగస్టులో నడివీధిలో చంపారు, రాసిన చెయ్యి నరికారు. అదే నెలలో భైరాన్‌పల్లిలో ఊరివాళ్లను వరసగా నిలబెట్టి కాల్చారు.

భారత్‌లో చేరని హైదరాబాదు మీదికి సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. ప్రధాన దళం షోలాపూర్ వైపు నుంచి, మేజర్ జనరల్ రుద్ర దళం బెజవాడ నుంచి. సూర్యాపేట దగ్గర మూసీ వంతెన పేల్చి నిజాం సేన వెనక్కి తగ్గింది. ట్యాంకులకు ఎదురుగా బల్లేలు, నాటు తుపాకులు! ఏ గొంతును నమ్మి నిలబడ్డారో ఆ పిల్లలు, తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. 17న నిజాం స్వయంగా రేడియోలో లొంగుబాటు మాట చెప్పాడు. మరునాడు నిజాం సేనాపతి ఎల్ ఎడ్రూస్ భారత సేనాని జనరల్ చౌధురి ముందు ఆయుధాలు దించాడు. 1724 నాటి రాజ్యం 5 రోజుల్లో కూలింది.

నిజాం రాజప్రముఖ్ (రాష్ట్రాధినేత) అయ్యాడు. ఆయన ప్రధాని లాయక్ అలీ 1950లో గృహనిర్బంధం తప్పించుకుని పాకిస్తాన్ చేరాడు. రజ్వీ 1957లో జైలు నుంచి బయటపడి కరాచీ వెళ్లి, 1970లో అక్కడే పోయాడు.

మాట అన్నవాళ్లు బతికారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో లొంగుబాటు తర్వాత రజాకార్ల మీది ప్రతీకారం ఏ పాపం ఎరగని ముస్లిం ఇళ్ల మీద పడింది. పోయిన ప్రాణాలు 27 వేల నుంచి 40 వేలు ఉంటాయని భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ప్రభుత్వం ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. రజ్వీ సొంత ఊరు లాతూరులో హత్యలు 20 రోజులకు పైగా సాగాయని, సుమారు 10 వేల మంది ముస్లింలలో ఊళ్లో మిగిలింది 3 వేల మందేనని అందులో ఉంది.