వంటయింటి పొగ

నిప్పు లేనిదే పొగ రాదని మన తెలుగువారి సామెత. ఈ సామెతనే తార్కికులు శాస్త్రముగా చేసిరి. కొండమీద పొగ కనబడుచున్నది గనుక అచ్చట నిప్పు కలదని యూహింపవలెను. దీనికి దృష్టాంతము మహానసము, అనగా వంటయిల్లు. ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దమున రచించిన తర్కసంగ్రహమును చేతబట్టిన ప్రతి బాలుడును ఈ యుదాహరణమునే వల్లించును. ఈ పాఠము చెప్పునపుడెల్ల నాకొక సంగతి వింతగా తోచుచుండును. పొగయున్నచోట నిప్పుండును గాని, నిప్పున్నచోటనెల్ల పొగ యుండితీరవలెనను నియమము లేదని తార్కికులే చెప్పియున్నారు. ఎఱ్ఱగా కాలిన యినుపగుండునందు నిప్పు కలదు, పొగ లేదు. నిప్పునకు తడికట్టె తోడైననే పొగ పుట్టును. ఇంత సూక్ష్మముగా నెఱిగిన పండితుడు పీటమీద కూర్చుండి భోజనము చేయుచు, లోపల ఊదుగొట్టముతో నూది నూది కన్నులు తుడుచుకొనుచున్న యామెకు ఈ జ్ఞానమువలన కలిగిన మేలేమో విచారించినట్లు కనబడదు.

పాతకాలపు పొయ్యి నెఱుగని పిల్లలు ఇప్పుడు మన యిండ్లలో పెరుగుచున్నారు గనుక దానిని గూర్చి కొంచెము చెప్పవలెను. మూడు ప్రక్కల మట్టిగోడ, దానిపై మూడు పొయ్యిగడ్డలు, ముందు కట్టెలు దూర్చుటకు నోరు. గడ్డలపై కుండ నిలుపగా చుట్టును మిగిలిన సందులనుండియే మంటయు పొగయు వెలికి వచ్చును. కట్టెలోని వేడిమిలో కుండకు చేరునది ఇంచుమించుగా పదవవంతు మాత్రమే. తక్కినది గోడలకును, గాలికిని, వండునామె ముఖమునకును పోవును. పెండ్లిండ్లకు గాడిపొయ్యి త్రవ్వుట కలదు గాని, అది ఆరుబయట నుండును గనుక అచ్చటి పొగను గాలి యెత్తుకొనిపోవును.

కలవారి యింట తుమ్మకట్టె, చింతకట్టె, సరుగుడు. లేనివారి యింట కందికట్టె, పత్తికట్టె, తాటిమట్ట, పిడక. ఎంత పేదఱికమో అంత పొగ. వానకాలమున తడిసిన వంటచెఱకును పొయ్యికి పైనున్న అటుకమీద చేర్చి, ఆ పొగలోనే యారబెట్టుకొనెడివారు. అగ్గిపెట్టెలు రాకముందు రాత్రివేళ నిప్పుకణికలను బూడిదలో కప్పియుంచుటయు, అవి ఆరిపోయిన నాడు పొరుగింటికి పిడక పట్టుకొనిపోయి నిప్పు తెచ్చుకొనుటయు ఆడవారి నిత్యకృత్యములు. దాలిగుంటలో పిడకల సెగపై దినమంతయు కాగి మీగడకట్టిన యెఱ్ఱని పాలను తలచుకొని నిట్టూర్చు పెద్దలు ఇప్పటికిని కలరు. ఆ రుచి నిజమే. కాని దానిని పొగడువారిలో ఒక్కనాడైనను దాలి రాజేసినవారు ఎందఱో!

హోమము చేయుటకు రావి, మేడి, మోదుగు, జమ్మి మొదలగు చెట్ల సమిధలను ఏర్పఱచి, పురుగుపట్టినవానిని పాఱవేయుదురు. ఆ శ్రద్ధలో వీసమైనను వంటపొయ్యికి దక్కలేదు. దానికి దొరికినదే కట్టె. కొన్ని పెంకుటిండ్లలో పైకప్పున పొగ పోవుటకు దారి విడుచుట కలదు. పూరిండ్లలో అదియు లేక కప్పుసందులే గతియయ్యెను. పొగవలన కన్ను మండునని తెలియనివారెవ్వరు? తెలివి లేక కాదు ఈ బాధ యిన్ని తరములు నిలిచినది. ఎవరి కంట పొగపడునో, గోడకు కన్నము పెట్టించు నధికారము వారి చేతిలో లేకపోయినది.

అమెరికా శాస్త్రజ్ఞుడు కిర్క్ స్మిత్ భారతీయులగు సహచరులతో గూడి గుజరాతు పల్లెలలో వండు స్త్రీలు పీల్చు పొగను కొలిచి, ఆ లెక్కలను 1983లో ప్రకటించెను. అంతకుముందు పట్టణముల పొగను కొలిచినవారు కలరు గాని, వంటయింటి పొగ కొలువదగినదని తలచినవారు అరుదు. ఊపిరితిత్తుల వ్యాధులు, పసిపిల్లలకు న్యుమోనియా, కంటికి శుక్లములు ఈ పొగతో ముడిపడియున్నవని వైద్యులిప్పుడు చెప్పుచున్నారు. కట్టె, పిడక, బొగ్గు, కిరసనాయిలు మొదలగువాని యింటిపొగవలన 2020లో లోకమున సుమారు 32 లక్షలమంది మరణించిరనియు, వారిలో అయిదేండ్లు నిండని బిడ్డలే 2,37,000 మందికి పైబడిరనియు ప్రపంచారోగ్యసంస్థ లెక్క.

ఇక మన గడ్డమీదనే జరిగిన ప్రయత్నము ఒకటి కలదు. హైదరాబాదులోని ఇంజనీరింగు పరిశోధనాలయమున ఎస్. పి. రాజుగారు పొగలేని పొయ్యిని రూపొందించి, దానిని గూర్చి 1953లో ఇంగ్లీషున ఒక గ్రంథము ప్రకటించిరి. పొయ్యి మట్టిదే, కాని మంట పైకి ఎగయక లోలోపల ప్రాకి ఒకటికంటె నెక్కువ కుండలను కాచి, పొగ గొట్టముగుండ ఇల్లు దాటిపోవును. ఖర్చు స్వల్పము, తర్కము నిర్దుష్టము. అయినను అది ఇంటింటికి చేరలేదు. ప్రభుత్వమువారు 1980వ దశకమున మెఱుగుపొయ్యిల జాతీయపథకమును ఆరంభించి, 2002లో విరమించులోపల మూడుకోట్లకు పైగా పొయ్యిలు వేయించిరి. వానిలో పెక్కులు పాడువడెను. కుండకు కన్నము సరిపడక ఒకచోట, గొట్టమున మసిపేరుకొని యొకచోట, పగిలినదానిని బాగుచేయువారు లేక వేఱొకచోట ఇల్లాండ్రు వానిని త్రవ్విపాఱవేసి మరల మూడు గడ్డలే నిలుపుకొనిరి. ఇందుకు ఆడవారి మూఢత్వము కారణమని వ్రాసినవారిని నేనొప్పుకొనజాలను. దినమునకు రెండుపూటలు వండునామెను ముందుగా నడుగక కట్టిన పొయ్యి అది.

గ్యాసుపొయ్యి మాత్రము ఎవరును బోధింపకయే మనసు దోచెను. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున దీపము పథకముక్రింద పొదుపుసంఘముల స్త్రీల పేర గ్యాసుకనెక్షనులు ఇచ్చిరి. 2016లో కేంద్రప్రభుత్వపు ఉజ్జ్వల పథకమును స్త్రీల పేరనే యిచ్చినది. కాగితముపై ఇంటి నిప్పునకు ఇల్లాలు హక్కుదారైనది. ఇది చిన్న సంగతి కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో దేశమున నూటికి సుమారు 59 కుటుంబములు పొగలేని యింధనముతో వండుచున్నట్లు తేలినది. మన రెండు రాష్ట్రములు దీనికంటె చాల ముందున్నవి.

అయినను కనెక్షను వేఱు, సిలిండరు వేఱు. మొదటిది పథకమువలన వచ్చును. రెండవది ప్రతిమాఱును రొక్కముతో కొనవలెను. కట్టెపుల్ల యేరుకొనుటకు ఆడదాని రెక్కలు చాలును, ఆ కష్టమునకు ఇంటిలెక్కలో వెల కట్టువారు లేరు. అందుచేత టీకిని, చుట్టము వచ్చినపుడును గ్యాసు వెలిగించి, అన్నమును స్నానపునీళ్లను పెరటిపొయ్యిమీదనే కాచు కుటుంబములు పల్లెలలో నేటికిని కలవు. బియ్యము లేవనక నిండుకొన్నవని చెప్పుట మన యిల్లాండ్రకు వాడుక. సిలిండరు నిండుకొన్నదని ఆమె చెప్పినదినమునుండి మగడు డబ్బు చేతబెట్టు దినమువఱకు, ఒక్కొక్కప్పుడు నెలలతరబడి, ఆ పెరటిపొయ్యియే ఇంటిల్లిపాదికిని వండిపెట్టుచున్నది.