పుస్తకం నడిచొచ్చిన దారి

కుల్కచర్లకు రైలు లేదు. సికింద్రాబాదు నుంచి వాడి దాకా 1874లోనే పట్టాలు వేశారు. బండి వికారాబాదు, తాండూరుల మీదుగా పోయేది. కుల్కచర్ల మాత్రం పరిగి అవతల, పాలమూరు పొలిమేరలో, రైలుకూతకు దూరంగా ఉండిపోయింది. పడమట ఉన్న తాండూరు, కొడంగల్ తాలూకాలైతే 1956 దాకా గుల్బర్గా జిల్లావి. సంతలో తెలుగూ కన్నడమూ కలిసి వినిపించేవి, కచేరీలో ఉర్దూ, పెద్ద చదువంతా ఉర్దూలోనే. అలాంటి సీమలో ఎనభై తొంభై ఏళ్ల కిందట, ఫలానా తెలుగు పుస్తకం బాగుంటుందని ఒక రైతుకో, బడిపంతులుకో ఎలా తెలిసేది?

ఎవరో ఒకరు ఊళ్లోకి నడిచొచ్చి చెబితే తెలిసేది. తెలంగాణలో పుస్తక పరిచయమనేది పత్రికలో ఒక శీర్షిక కావడానికి ముందు, మనిషి కాళ్ల మీద నడిచింది.

పట్నంలో అది కాస్త ముందే మొదలైంది. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావు ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం తెరుచుకుంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు దాని వెనుక ఉన్నవారు. 1904లో హనుమకొండకు రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చింది. 1906లో పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్ర, శాస్త్రం, జీవితచరిత్రలను తెలుగులో అచ్చువేసి ఇళ్లకు చేర్చింది. అబ్రహాం లింకన్ కథ తెలుగువాడి చేతికి అందింది అలాగే.

పల్లెకు కావలసిన పుస్తకం వేరు. 1921లో పుట్టిన ఆంధ్ర జన సంఘం ఊళ్లలో గ్రంథాలయాలు, పఠన మందిరాలు పెట్టడం తన పనుల్లో ఒకటిగా రాసుకుంది. మాడపాటి హనుమంతరావు వంటి వారి పూనికతో వర్తక స్వాతంత్ర్యం గురించి, వెట్టిచాకిరి గురించి చిన్న చిన్న పొత్తాలు అచ్చయ్యాయి. ఆనాటి తెలంగాణ పల్లెకు ‘ముందు ఇది చదువు’ అని చేతిలో పెట్టదగ్గవి కావ్యాలకన్నా అవే అని నా అభిప్రాయం. అధికారి పిలిచినంత మాత్రాన ఉత్తపుణ్యానికి మూట మోయనక్కర లేదని అచ్చక్షరాల్లో చూసినవాడు, రెండో పుస్తకం తనంత తానే అడుగుతాడు.   

ఇక అసలు మనిషి దగ్గరికి వద్దాం. వట్టికోట ఆళ్వారుస్వామి 1915లో నల్లగొండ జిల్లాలో పుట్టారు. చిన్ననాడే దిక్కులేనివాడై ఒక ఉపాధ్యాయుడి ఇంట వంట చేసిపెడుతూ నాలుగక్షరాలు నేర్చుకున్నారు. బెజవాడ హోటల్లో సర్వరుగా, గోలకొండ పత్రికలో ప్రూఫ్‌రీడరుగా పనిచేశారు. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించారు. అచ్చువేయడంతో ప్రకాశకుడి పని అయిపోయిందని ఆయన అనుకోలేదు. పుస్తకాల మూట తానే మోసుకొని ఊరూరా తిరిగి అమ్మారు. కొనలేనివాడికి అందులో ఏముందో చెప్పేవారంటే నమ్మవచ్చు, ఎందుకంటే అక్షరజ్ఞానం నూటికి పదిమందికైనా లేనిచోట చెప్పకుండా పుస్తకం అమ్మడం కుదిరే పని కాదు. తరవాత నిజామాబాదు జైల్లో కవి దాశరథి బొగ్గుతో గోడ మీద పద్యాలు రాస్తున్నప్పుడు తోటి ఖైదీ ఆళ్వారుస్వామే. దాశరథి తన కవితా సంపుటి ‘అగ్నిధార’ను అంకితమిచ్చింది ఆళ్వారుస్వామికే. 1955లో వచ్చిన ‘ప్రజల మనిషి’ నవల రాసిందీ ఈయనే. దిమ్మెగూడెం దొర రామభూపాలరావు, ఎదురుతిరిగిన కంఠీరవం అందులో కనిపిస్తారు. 1961లో, నలభై ఆరేళ్లు నిండకుండానే పోయారు.

చదువు రానివాళ్లు పుస్తకానికి దూరమనుకుంటే పొరపాటు. వాళ్లు విన్నారు. గుడి మంటపంలో ఒకరు భారతమో భాగవతమో చదువుతుంటే, ఇంకొకరు అర్థం చెబుతుంటే, ఊరంతా కూర్చుని పర్వాలకు పర్వాలు విన్నది. ఒగ్గుకథ, శారదకథ, చిందు భాగోతం సరేసరి. 1950లో దక్కన్ రేడియో ఆకాశవాణి చేతికొచ్చాక నాటకమూ కథానికా పెట్టెలోంచి వినిపించాయి. ఇవాళ దాసుభాషితం వంటి యాప్‌లు ఫోన్లో తెలుగు పుస్తకాలు వినిపిస్తున్నాయి. ఆడియోబుక్ కొత్త వింత అని పట్నంవాళ్లు అంటుంటే నవ్వొస్తుంది. మనకు కొత్తది ఇయర్‌ఫోను మాత్రమే, అంటే ఒంటరిగా వినడం.

ఒంటరిగా విన్నా ఏది వినాలో చెప్పే మనిషి కావాలి. యాప్ మనం నిన్న విన్నదాన్ని బట్టి ఇవాళ్టిది చూపిస్తుంది. మూట మోసుకొచ్చిన మనిషి ఎదుటివాడి ముఖం చూసి, నిన్న తెలియనిదాన్ని తీసి ఇస్తాడు. ఇంకో సంగతి. తెలంగాణ మాటను ఆ యాస తెలియని గొంతు చదివితే కథ సగం చచ్చిపోతుంది. బిజినపల్లిలో పుట్టిన పి. యశోదారెడ్డి ‘మా ఊరి ముచ్చట్లు’, ‘ఎచ్చమ్మ కథలు’ పాలమూరు పలుకుబడిలో ఉన్నాయి. వాటిని కుల్కచర్ల ప్రాంతపు అవ్వ ఒకరు చదివి రికార్డు చేస్తే ఏ స్టూడియో కళాకారుడూ సాటిరాడు. ఫోనుంది, కథలున్నాయి, అవ్వలున్నారు. హక్కుదారుల అనుమతి అడిగి మొదలుపెట్టడమే తరువాయి.

నన్నడిగితే, ముందు యశోదారెడ్డిని పైకి చదువుకోండి. ఆ తరవాత ‘ప్రజల మనిషి’. దాని వెంట దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’. చివరికి సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. 1955లో తెలుగుకు తొలి సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చిన ఈ పుస్తకం మన తిండినీ ఆటలనూ బట్టలనూ చరిత్రగా చెబుతుంది. ఏ పేజీ తెరిచినా ముచ్చటగా సాగుతుంది.

కొనలేకపోతే దగ్గరలోని శాఖా గ్రంథాలయానికి వెళ్లండి. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం మీ ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నే. పుస్తకం అక్కడ లేదంటే తెప్పించమని రాసివ్వండి. డబ్బు మీరు కట్టినదే.